ఇసుక కింద పదమూడు మూరలు

ఎండల రోజు 31. మట్టం: పదమూడు మూరలు.

ఇవాళ కూడా చచ్చిపోయాం. వరసగా మూడో ఏడు.

పొద్దున పది గంటలకు కన్ను మా నెత్తిమీదుగా పోయింది. అందులో మనిషి ఉండడు. రెక్కలు, వాటి మీద ఎండ పలకలు, కింద ఒక గాజుబిళ్ల, అంతే. నాలుగు రోజులకోసారి వచ్చి జిల్లా మొత్తాన్నీ ఫోటో తీసుకుని పోతుంది. గంట తర్వాత పంచాయతీ గోడకు బిగించిన తెర మీద మా జాతకం పడుతుంది: "బోడిగుట్ట. పచ్చదనం: వందకు సున్నా. వర్గం: మృతభూమి." దాని కిందే గట్టు అవతలి ఖర్జూరం తోట సంగతి: "పచ్చదనం: వందకు తొంభై ఒకటి. వర్గం: జీవభూమి. అభినందనలు."

అభినందనలట! ఆ తోట పద్నాలుగు వందల అడుగుల లోతు నుంచి నీళ్లు పీల్చి, ఎక్కడో సముద్రం అవతలివాళ్లు తినే పళ్లు కాయిస్తుంది. దాని చుట్టూ పది మైళ్లలో ఒక్క బోరు బతికి లేదు. ఎండిపోయిన పొలాల నుంచి లేచిన ఇసుక గాలికి నడుచుకుంటూ వచ్చి ఇళ్ల గడపలు ఎక్కుతోంది. చుట్టుపక్కల నేలంతా చంపినవాడిది జీవభూమి. మాది మృతభూమి. పై నుంచి చూసేవాడికి ఆకు ఒక్కటే కనపడుతుంది, ఆ ఆకు ఎవరి గొంతు తడి తాగి పచ్చగా ఉందో కనపడదు.

మేమేం చేశామో రాస్తాను. ఎండాకాలం నాలుగు నెలలూ మా ఊళ్లో ఎవరూ పైరు పెట్టరు. పొలాల మీద వేరుశనగ పొట్టు పరిచి, దాని మీద గులకరాళ్లు పేర్చి, నేలకు ఎండ తగలకుండా కప్పేస్తాం. వానలో దొరికిన నీళ్లన్నీ ఊరి పక్క వాగు, సుద్దవంక ఇసుకలో దాస్తాం. వంకకు అడ్డంగా, ఇసుక లోపల, బండ తగిలేదాకా తవ్వి సుద్దమట్టితో గోడ కట్టుకున్నాం. పైకి ఏమీ కనపడదు. గోడ వెనక ఇసుకలో నీళ్లు నిలబడతాయి. ఎండ వాటిని తాకలేదు, గాలి ఎత్తుకుపోలేదు. తొమ్మిది ఎండాకాలాలు తవ్వితే లేచిన గోడ అది. దాని పక్కన పాతిన గొట్టంలోకి రోజూ పొద్దున కర్ర దించి, బండ మీంచి తడి ఎన్ని మూరలు ఎక్కిందో చూసి ఈ పుస్తకంలో రాయడం నా పని. నా పేరు వన్నూరప్ప. యాభై మూడేళ్లు. దీనికి ముందు ముప్పై ఏళ్లు కరపత్రాలు రాశాను. ఆ జబ్బు ఇంకా తగ్గలేదంటారు ఊళ్లో.

పదమూడు మూరలు! ఎండలు నెల గడిచాక! ఈ జిల్లాలో ఇంకెక్కడైనా ఉన్నాయా? మరి చచ్చింది ఎవరు?

ఎండల రోజు 32. మట్టం: పదమూడు మూరలు.

చెలిమ దగ్గర సుంకక్కతో గొడవ పడ్డాను.

చెలిమ అంటే వంక ఇసుకలో చేత్తో తవ్వుకున్న గుంత. గోడ వెనక మోచేతి లోతు తవ్వితే నీళ్లూరతాయి. చిప్పతో తోడి బిందె నింపుకుంటాం. దానికో కట్టుబాటు ఉంది: తవ్వినవాళ్లు ముందు ముంచుకోకూడదు. వచ్చినవాళ్లంతా నింపుకున్నాక, అందరికన్నా చివర తవ్వినవాళ్ల బిందె. ఈ వరస చూసేది సుంకక్క. అరవై రెండేళ్ల మనిషి. గోడకు మొదటి గడ్డపార దించినది ఆమె, ఆమె మొగుడు బొజ్జప్ప. ఎందుకీ కట్టుబాటు అని నేనోసారి అడిగితే, "తవ్వినోనికి ముందిస్తే వాడు గుంత సుట్టూ కంప కొడతాడప్పా" అంది.

ఇవాళ నేను తీసిన మాట వేరే. కన్నును పంపే భూప్రాణ మండలి వాళ్ల దగ్గర ఒక పత్రం ఉంది, స్వచ్ఛంద మట్టం పత్రం. ఊరివాళ్లు ఇష్టపడితే తమ నేల కింద నీళ్ల మట్టం తామే రాసి పంపవచ్చు. అది పంపుదామన్నాను.

"ఎందుకు?" అంది సుంకక్క, చిప్ప ఆపకుండా.

"మనం చావలేదని చెప్పేకి."

"ఎవురికి?"

"మండలికి. లోకానికి. లెక్క బయటపెడితే వాళ్ల నోరు మూతపడుతుంది సుంకక్కా. దాచుకునేవాళ్లు దొంగలు. మనమేం దొంగలమా?"

"నీళ్లుండాయని ఊరెక్కి అరిసేవాన్ని నేను యాడా సూడల్యా" అంది. పక్కనే బిందె పట్టుకుని నిలబడ్డ ఎర్రితాత పగలబడి నవ్వాడు. వాడు పేరుకే తాత, నా ఈడువాడు, మేకలు కాస్తాడు. "పోనీలే సుంకమ్మత్తా. బావకు ఎవురితోనో ఒకరితో వాదం పెట్టుకోకపోతే అన్నం అరగదు" అన్నాడు.

వాదం పెట్టుకోకుండానే ఈ దేశంలో నీళ్లన్నీ పోయాయి అన్నాను. 

ఎండల రోజు 33. మట్టం: పదమూడు మూరలు.

పంపాను. పత్రంలో అంకె వేశాను. కింద 'ఇతర వివరాలు' అని రెండు గీతల జాగా ఉంటే నాలుగు పేజీల వ్యాసం జత చేశాను. శీర్షిక: 'చచ్చింది ఎవరు?' ప్రతి వాక్యం కత్తిలా ఉందని రాసేటప్పుడే తెలిసింది. చాలా సంతోషపడ్డాను. ఇది దాచను, రాసి పెడుతున్నాను: చాలా సంతోషపడ్డాను.

మధ్యాహ్నానికే జవాబు వచ్చింది. తెర మీద, ఊరందరికీ కనపడేలా.

"సమాచారానికి ధన్యవాదాలు. మృతభూమి కింద నిరుపయోగ జలం గుర్తించబడింది. సదరు జలం సమీప జీవభూమికి కేటాయించబడింది. తవ్వకపు యంత్రం ఇరవై నాలుగు రోజుల్లో చేరును. నివాసులు తరలింపుకు సిద్ధం కావలెను."

సమీప జీవభూమి అంటే ఖర్జూరం తోట. నూట నలభై గడపల ఊరు మాది. నా వ్యాసం గురించి ఒక్క ముక్క లేదు.

ఎండల రోజు 34. మట్టం: పదమూడు మూరలు.

మండలి అధికారితో తెర మీద మాట్లాడాను. ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి, పేరు ప్రవల్లిక. మర్యాదకు లోటు లేదు.

"మీ వ్యాసం చదివాను సర్. చాలా బాగా రాశారు."

"బాగా రాశానా? మా ఊరు లేపేస్తున్నారు మీరు."

"సర్, నిబంధన చూడండి. మృతభూమి కింద నాలుగు మీటర్లకు మించి నీళ్లు నిలవ ఉంటే అది నిరుపయోగ జలం. మీరు రాసింది దాదాపు ఆరు మీటర్లు."

నాలుగు మీటర్లంటే మా కర్ర మీద దాదాపు తొమ్మిది మూరలు.

"నిరుపయోగం అని ఎవరు చెప్పారమ్మా? మేం రోజూ తాగుతున్నాం. వానలు పడగానే ఆ తడితోనే విత్తుతాం. నాలుగు నెలలు భూమిని కప్పి ఉంచుతున్నది నీళ్లు ఆవిరి కాకుండా."

"కానీ పచ్చగా లేదు కదండీ. నీళ్లు వాడుతుంటే పచ్చగా ఉండాలి కదా?"

ఆ అమ్మాయి వెటకారం చేయడం లేదు. నిజంగానే అడుగుతోంది. అదే నన్ను మండించింది. తిట్టదగిన దుర్మార్గుడు దొరికితే ఎంత బాగుండేది! నేల ఎప్పుడూ చూడని మనిషి, నేల ఫోటోలు మాత్రం లక్ష చూసిన మనిషి, దయగా మమ్మల్ని చంపుతోంది. మిగిలితే దాన్ని దాచుకోవడమంటే వాళ్లకు తెలియదు. వాడెయ్యాలి, లేదంటే అది నీది కాదు. ఈ ఒక్క బుద్ధితోనే కదా వందేళ్లలో సీమను ఎడారి చేశారు!

"వచ్చి చూడండి. చేత్తో తవ్వి చూడండి" అన్నాను.

"క్షేత్ర సందర్శన విధానం రద్దయింది సర్, కన్ను వచ్చాక."

"నాలుగు మీటర్లకు తక్కువుంటే?"

"అప్పుడు తవ్వకానికి అర్హత ఉండదు. యంత్రం వచ్చాక అదే కొలుస్తుంది. తక్కువుంటే వెనక్కి వెళ్లిపోతుంది." "కానీ మీరే రాశారు కదండీ" అంది.

అవును. నేనే రాశాను.

సాయంత్రం పంచాయతీ అరుగు మీద ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎర్రితాత ఒక్కడే నా పక్కన కూర్చుని, "వ్యాసం బాగుందంట కదా బావా" అన్నాడు.

ఎండల రోజు 38. మట్టం: పదమూడు మూరలకు రెండు వేళ్లు తక్కువ.

మాబున్ని వచ్చింది. వంక వెంబడి ఆరు మైళ్లు దిగువనున్న కొత్తకొట్టాల మనిషి. నలభై ఏళ్లుంటాయి. అక్కడ నీళ్ల వరస ఆమె చూస్తుంది. నడిచి వచ్చింది, నెత్తిన ఖాళీ బిందె.

ఊరి తరఫున ఓదార్చడానికి వచ్చిందనుకుని మజ్జిగ ఇమ్మన్నాను. తీసుకోలేదు.

"పదమూడు మూరలా అన్నా?" అంది. "తెర మీద అన్ని ఊర్లకూ పడింది. మా పిల్లోల్లు సదివి చెప్తే నేను నమ్మల్యా. పదమూడు మూరలా?"

"అవును మాబున్నీ. చూడు, ఆ తోటవాళ్లు..."

"తోట సంగతి తర్వాత సెప్పు. మేమూ మీ మాదిరే గోడ కట్టినాము. నువ్వే వచ్చి నేర్పిస్తివి. కాగితాలు పంచితివి. మా గోడెనక ఎంతుందో తెలుసునా నీకు? మూర. ఒగే మూర. మా కింద నాలుగూర్ల గోడలెనక అది గూడా ల్యాదు. వంకలో వచ్చే తడంతా పైన మీ గోడే పట్టేస్తాది. మాకేం వస్తాది అన్నా, నీ కాగితాలా?"

నేనేదో చెప్పబోయాను. వాన తక్కువనో, ఇసుక రకం వేరనో. నా నోటికి ఎప్పుడూ మాటల కరువు లేదు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"తవ్వినోళ్లు చివర ముంచుకోవల్ల. అంతే కదా కట్టుబాటు? తొమ్మిదేండ్ల నుంచి మీరు ముందు ముంచుకుంటాండారు. మీకూ ఆ ఖర్జూరం తోటకూ ఏం తేడా ఉండాది అన్నా? వాళ్లది పచ్చగుండాది, మీది ఎర్రగుండాది, అంతే కదా?"

ముప్పై ఏళ్లలో నా మీద చాలామంది కరపత్రాలు రాశారు. ఒక్కటీ ఇంత చిన్నదిగా లేదు, ఒక్కటీ ఇంత లోపలికి దిగలేదు.

సుంకక్క చెలిమ దగ్గర నుంచి ఇదంతా వింది. లేచి వచ్చి మాబున్ని నెత్తి మీంచి బిందె దించింది. తీసుకుపోయి నింపి తెచ్చి ఇచ్చింది.

ఎండల రోజు 39. మట్టం: నిన్నటిదే.

సభ. ఊరంతా వచ్చింది. నేను గంటసేపు మాట్లాడాను: యంత్రానికి అడ్డంగా పడుకుందామన్నాను, కోర్టుకు పోదామన్నాను, రాజధాని దాకా నడుద్దామన్నాను. గొంతు బొంగురు పోయింది. అప్పుడు ఎర్రితాత బీడీ ఆర్పి, ఊరికే అన్నట్టు అన్నాడు: "తొమ్మిది మూరలు దాటితేనే కదా వాళ్లది? ఎనిమిదుంటే మనదేనా?"

"అది కాదురా ఎర్రీ, సూత్రం ఏమిటంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

సుంకక్క లేచింది.

"గోడ కోద్దాం" అంది. "ఎనిమిది మూరలు మనకు పెట్టుకుని పైదంతా కిందికి వదుల్దాం. కొట్టాలకు, ఆ కింది నాలుగూర్లకు. ఐదు గోడలెనకా తలా ఇంత నిలబడతాది. యాడా తొమ్మిది దాటదు. వాళ్ల యంత్రం వస్తాది, కర్ర దించుతాది, పోతాది."

 ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఎనిమిది మూరలతో ఎండలు దాటేదెట్లా? ఈ ఏడు వాన పడకపోతే? మన చెమట కిందివాళ్లకు ఎందుకు? ఈ చివరి మాట అన్న గొంతు ఎవరిదో నాకు తెలుసు, పేరు రాయను. పోయిన వారం దాకా అది నా గొంతే.

"మన చెమటే" అంది సుంకక్క. "తవ్వినోళ్లం మనమే కదప్పా. చివర ముంచుకుందాం."

ఎండల రోజు 43. మట్టం: పన్నెండున్నర.

కోత మొదలైంది. ఎడమ ఒడ్డు దగ్గర. సుంకక్కే చోటు చూపించింది. దిగువ పక్క ఇసుక తోడి గోడ ముఖం బయటపెట్టి, పైనుంచి సుద్ద కోసుకుంటూ దిగి, కోసిన చోట మళ్లీ ఇసుక నింపడం. నీళ్లు ఇసుకలోంచి ఇసుకలోకే పోవాలి, ఎండ మొహం చూడకూడదు. ఎనిమిది మూరల ఎత్తు దాకా కోసి ఆపాలి. అంతకు మించి దిగితే మా ఊరే ఖాళీ.

ఆరు ఊళ్ల మనుషులు. రెండు వందలకు తక్కువ లేరు. మిట్ట మధ్యాహ్నం, నడి వంకలో, గడ్డపారలతో. మధ్యలో కన్ను పోయింది. దాక్కోవాలా అని ఎవరో అడిగారు. నేను తెర దగ్గరకు పరిగెత్తాను. గంటకు వచ్చింది: "బోడిగుట్ట. పచ్చదనం: సున్నా. దృశ్యంలో మార్పు లేదు."

రెండు వందల మంది చెమట కారుస్తూ తవ్వుతుంటే మార్పు లేదట. మనిషి ఆకు కాదు కదా, లెక్కకు రాడు. ఇన్నాళ్లూ దీనికే కదా రగిలిపోయాను? ఇవాళ మాత్రం చదివి వినిపిస్తే వంకంతా నవ్వింది. "కొంచెం ఆకులు కట్టుకుని తవ్వుదామా సుంకమ్మత్తా?" అన్నాడు ఎర్రితాత.

ఎండల రోజు 47. మట్టం: పదకొండు.

ఎర్రితాత మేకలతో పోయి యంత్రాన్ని చూసి వచ్చాడు. నలభై మైళ్ల అవతల, మట్టిరోడ్డు మీద, తనంతట తనే పాకుతూ వస్తోందట. ఎనిమిది చక్రాలు, మధ్యలో మడిచిన గొట్టం.

"డ్రైవరు ల్యాడు బావా. అడ్డం నిలబడి తిట్టినా. ఆగింది. నేను పక్కకు జరిగితే మళ్లీ పోయింది. మర్యాదస్తురాలు. బీడీ ఇస్తే తీసుకోల్యా."

ఎండల రోజు 50. మట్టం: పదకొండు.

కదలడం లేదు. మూడు రోజులుగా పదకొండే.

ఒడ్డు దగ్గర బండ పైకి లేచి ఉంది. పదకొండు మూరల ఎత్తు దగ్గర గడ్డపార ఖంగుమంది. ఇంక దిగదు. అక్కడ ఎంత వెడల్పు కోసినా నీళ్లు పదకొండు దగ్గరే నిలబడతాయి. యంత్రానికి ఏడు రోజులు.

నడి వంకలో కోయాలి. అక్కడ బండ లోతు. కానీ గోడ నడిమి భాగమంతా రోలరు తొక్కించిన సుద్ద, రాయికన్నా గట్టి. ఏడు రోజుల్లో లొంగదు. లొంగేది ఒక్కచోటే, ఒక పన్నెండడుగులు. అది ఊరందరికీ తెలుసు. ఒక్కరూ నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. నోటినే నమ్ముకుని బతికినవాణ్ని.

గోడ కట్టిన ఏడో ఎండాకాలం అక్కడ ఇసుక గోతిలోకి జారింది. బొజ్జప్ప కింద ఉన్నాడు. బయటికి తీసేసరికి ప్రాణం లేదు. ఆ పన్నెండడుగులూ మళ్లీ కట్టేటప్పుడు సుంకక్క రోలరు దింపనివ్వలేదు. ఆమే దిగింది. ఆ సుద్ద అంతా ఆమె కాళ్లతో తొక్కినది. పద్దెనిమిది రోజులు తొక్కింది. ఎవరినీ రానివ్వలేదు.

ఇప్పుడు అర్థమైంది, ఒడ్డు దగ్గర చోటు ఆమె ఎందుకు చూపించిందో. బండ సంగతి ఆమెకు తెలియకా?

ఎండల రోజు 51. మట్టం: పదకొండు.

పొద్దున నేను కర్ర దించడానికి పోయేసరికి సుంకక్క నడి వంకలో నిలబడి ఉంది. చేతిలో గడ్డపార. సరిగ్గా అక్కడే.

"సుంకక్కా, ఇంకో చోటు చూద్దాం" అన్నాను.

"యాడ?" అంది.

కర్ర కింద పెట్టాను.

"నేను పంపిన ఆ పత్రం వల్ల కదా ఇదంతా" అన్నాను. "నాకు గెలవాలని ఉండింది. అంతే."

"తెలుసులేప్పా." ఇసుకలో గడ్డపార గుచ్చి దాని మీద చేతులు పెట్టుకుంది. "నాకు మాత్రం ల్యాదా? పదమూడు మూరలని నువ్వు పొద్దున్నే సెప్తాంటే, మా ఆయన లేసి కూసున్నట్ల ఉండేది నాకు. కిందోళ్లు ఏం తాగుతాండారని నేనొగ దినమన్నా అడిగినానా?"

తర్వాత మొదటి పోటు ఆమే వేసింది. మధ్యాహ్నానికి సుద్ద బయటపడింది. దాని మీద ఇంకా పాదాల గుర్తులున్నాయి, పొరలు పొరలుగా, పిడకల మీద వేళ్లలాగా. మాబున్ని గోతిలోకి దిగి వాటిని చూసి, పైకి చూసి, "పెద్దమ్మా, ఇది నేను కోస్తా. నువ్వు పైనుండు" అంది. సుంకక్క తల ఊపింది. గట్టు మీద కూర్చుంది. గోతికి రెండు పక్కలా ఇసుక జారకుండా తడికెలు కట్టేదాకా ఎవరినీ రెండో అడుగు దిగనివ్వలేదు.

ఎండల రోజు 55. మట్టం: పదిన్నర.

దిగుతోంది. నిదానంగా దిగుతోంది. సుద్ద కోసిన కొద్దీ ఇసుక నింపుతున్నాం. కొట్టాలవాళ్లు కబురు పంపారు: వాళ్ల గోడ వెనక ఇసుక తడి రంగు తిరిగిందట.

ఎండల రోజు 57. మట్టం: పొద్దున తొమ్మిదీ నాలుగు వేళ్లు. కింద చూడండి.

యంత్రం పదకొండు గంటలకు వంకలోకి దిగింది. జనం ఒడ్డు మీద. అది ఎవరినీ పట్టించుకోలేదు. నా గొట్టం పక్కనే ఆగి, తన కర్ర తాను దించుకుంది. పక్కనున్న చిన్న తెర మీద అంకె పడింది: నాలుగు మీటర్ల ఆరు సెంటీమీటర్లు.

ఆరు సెంటీమీటర్లు. నాలుగు వేళ్ల లెక్క.

"తవ్వకానికి అర్హం" అంది యంత్రం, ఆడగొంతుతో, ప్రవల్లిక గొంతు లాంటిదే. నాలుగు ఇనుప కాళ్లు చాపి ఇసుకలో దించడం మొదలుపెట్టింది.

నేను అరిచిన బూతులు ఇక్కడ రాయను. యంత్రం ముందు చక్రం మీద కాలితో తన్నాను, బొటనవేలి గోరు లేచిపోయింది. అడ్డంగా పడుకోబోతే ఎర్రితాత నా చొక్కా పట్టుకుని లాగాడు. "అది తవ్వే ముందు మళ్లీ కొలుస్తాదంట బావా. దాని పక్కనే రాసుండాది, నువ్వే సదువు. కాళ్లు పాతేకి మూడు గంటలు."

చదివాను. నిజమే.

సుంకక్క అప్పటికే గోతిలో ఉంది. ఆరు రోజులుగా దిగని మనిషి. మాబున్ని పక్కన. ఇంక ఒక మూర సుద్ద మిగిలి ఉంది ఎనిమిదికి. ఆ మూరను రెండు వైపుల నుంచీ కోశారు, మేం తట్టలు అందుకున్నాం. రెండు వందల మంది వరసగా నిలబడి, సుద్ద పైకి, ఇసుక కిందికి. ఒక్కసారి సుంకక్క పైకి చూసి, "ఎంతప్పా?" అని అడిగింది. నేను కర్ర తీసి చూసి చెప్పాను. మళ్లీ వంగింది.

రెండున్నరకు యంత్రం రెండోసారి కర్ర దించింది.

మూడు మీటర్ల తొంభై ఎనిమిది.

చాలాసేపు ఊరుకుంది. మళ్లీ దించింది. తొంభై ఏడు. "తవ్వకానికి అర్హత లేదు. అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది. ఒక్కో కాలూ పీక్కుని, గొట్టం మడుచుకుని, వచ్చిన దారినే పాకుతూ పోయింది. మేకలు దానికి దారి ఇచ్చాయి.

అందరం ఇసుకలో కూలబడ్డాం. సుంకక్క గోతిలోంచి రావడానికి చెయ్యి ఇవ్వబోతే, "ఉండప్పా" అంది. కోసిన చోట మిగిలిన సుద్ద మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత తనే ఎక్కి వచ్చింది.

ఎండల రోజు 63. మట్టం: ఎనిమిది.

మండలికి పత్రం పంపాను. అవును, మళ్లీ. ఈసారి ఆరు ఊళ్లది. బోడిగుట్ట ఎనిమిది, కొత్తకొట్టాల మూడున్నర, ఆ కింది నాలుగూ రెండు నుంచి మూడు లోపల. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. 'ఇతర వివరాలు' దగ్గర ఖాళీగా వదిలేశాను. నా జీవితంలో ఖాళీగా వదిలిన మొదటి జాగా అది.

జవాబు: "ఆరు గ్రామాలు. మృతభూమి. నిరుపయోగ జలం లేదు. ఫైలు మూసివేయబడింది."

దానర్థం మేం గెలిచామని కాదు. ఖర్జూరం తోట ఇంకా తొంభై ఒకటే. అది రేపు ఇంకో ఊరి నీళ్లు అడుగుతుంది, ఇంకెవరో అమాయకుడు గర్వంగా పత్రం నింపుతాడు. పై నుంచి చూసి బతుకునూ చావునూ తేల్చేవాళ్లు పైనే ఉన్నారు. నా కోపం రవ్వంత తగ్గలేదు. ఇన్నాళ్లూ దాన్ని ఒకే దిక్కుకు తిప్పి పెట్టాను, అది మాత్రం మారింది.

ఎండల రోజు 66. మట్టం: ఎనిమిదికి రెండు వేళ్లు తక్కువ.

కొట్టాల నుంచి పిలుపు వస్తే నేనూ, సుంకక్కా, ఎర్రితాతా నడిచి పోయాం. తొమ్మిదేళ్ల తర్వాత అక్కడ వంకలో చెలిమ పడింది. ఊరు ఊరంతా బిందెలతో నిలబడి ఉంది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, కింది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. నీళ్లు కొంచెం ఎర్రగా, చల్లగా.

మేం ఊరికే చూసి పోదామని వెళ్లాం. బిందె కూడా తీసుకుపోలేదు. వరస పక్కన నిలబడితే మాబున్ని కసిరింది: "అదేంది, సుట్టాల మాదిరి పక్కన నిలబడినారు? వరసలో నిలబడండి. వెనక."

నిలబడ్డాం. అందరికన్నా వెనక. ఎండ మండుతోంది. వరస నిదానంగా జరుగుతోంది. ఒక్కో బిందెకూ చెలిమ అడుగంటి, మళ్లీ ఊరేదాకా ఆగాలి. ఎర్రితాత రెండుసార్లు సణిగాడు. సుంకక్క మాత్రం చెలిమనే చూస్తోంది, ఊరుతున్న తీరును.

రెండు గంటలు పట్టింది. ఆఖరి బిందె పక్కకు జరిగాక మాబున్ని చిప్ప కడిగి, ఊరిన నీళ్లు ముంచి, మా వైపు చాచింది.

"రండి" అంది, "తవ్వినోళ్లు."